హార్మోన్ జెల్ రాసుకోమని ఒక డాక్టరు, ముట్టుకోవద్దని ఇంకో డాక్టరు. గుండె సంగతి ఎవరైనా చెప్పండి

మిర్చియార్డు పద్దులు (గుంటూరు):

నమస్కారం అండీ. నాకు 51 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పద్దులు రాస్తాను. నెలసరి ఆగి ఏడాదిన్నర అయింది. పీడ వదిలిందని మొదట్లో సంబరపడ్డాను. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు.

ఆవిర్లు అంటే ఏంటో పడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సీజన్లో మా కొట్లో ముందు తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు), వెనక తేజ టిక్కీలు, మధ్యలో నా బల్ల. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మి తుమ్మి బయటికి పరిగెత్తుతారు. నాకు ఆ ఘాటు ఏళ్ళ తరబడి అలవాటు. అలాంటిది ఫిబ్రవరిలో ఒక రైతుకి పట్టీ రాస్తుంటే ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా నెత్తి దాకా మంట ఎక్కింది. జాకెట్టు తడిసిపోయింది. ముక్కు చివర్నుంచి చెమట చుక్క జారి సరిగ్గా హమాలీ ఖర్చు రాసిన చోట పడింది. అంకె అలుక్కుపోయింది. ఆ పెద్దాయన "ఘాటు పడట్లేదా అమ్మా" అంటూ భుజం మీద తువ్వాలు తీసి ఇవ్వబోయాడు. మా యజమాని కొడుకు కూలర్ నా వైపు తిప్పి, ఏమీ చూడనట్టు ఫోన్లో తల పెట్టుకున్నాడు. పట్టీ చించి ఇంకోటి రాశాను.

పగలు ఇలా ఉంటే రాత్రి ఇంకో కథ. రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. దుప్పటి తన్నేస్తాను, కాసేపటికి చలేసి మళ్ళీ అదే దుప్పటి కోసం తడుముకుంటాను. మా ఆయన "నువ్వు కుదుటపడ్డాక పిలు" అని హాల్లో చాప వేసుకున్నారు.

ఆవిర్లంటే ఎలాగో భరిస్తాను. ఆ దడ చూస్తేనే భయం. మా అమ్మ 56కే గుండెపోటుతో పోయింది. ఆ రోజు వెన్నులో పోటు, ఒకటే ఆయాసం అంటే గ్యాస్ అనుకుని గోలీ సోడా తాగించారు. అంతకు ముందు ఆవిడ ఒక్కసారి కూడా బీపీ చూపించుకుని ఎరగదు.

కొత్తపేటలో లేడీ డాక్టరుకి చూపించుకున్నాను. ఆవిడ ఓపిగ్గా అన్నీ అడిగి, ఈస్ట్రోజెన్ జెల్ రోజూ చేతికి రాసుకోమని, రాత్రి పడుకునే ముందు ప్రొజెస్టిరాన్ గుళిక వేసుకోమని రాశారు. కొనే ముందు మా ఇంటి దగ్గర ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారిని ఒక మాట అడుగుదామని వెళ్ళా. చీటీ చూసి "ఇవి వాడితే గుండెపోట్లొస్తాయి, క్యాన్సరొస్తుంది. మీ అమ్మగారి సంగతి తెలిసీ ఎలా రాశారు" అని చీటీ నా వైపు తోసేశారు. ఎందుకండీ అంటే వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారన్నారు. ఉన్నారు, నిజమే.

రిపోర్టులు: బీపీ 146/92. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158, హెచ్‌డీఎల్ (మంచిది) 41, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 170. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 6.1. థైరాయిడ్ మామూలే. ఈసీజీ బానే ఉందన్నారు. బరువు 71, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. గర్భసంచి ఉంది. సిగరెట్లూ గట్రా ఏమీ లేవు, ఊరగాయ మాత్రం ఉంది. దాని జోలికి రాకండి.

ఇది చాలదన్నట్టు మా అక్క ఒకావిడ. పటమటలో ఉంటుంది. 63 ఏళ్ళు. ఆవిడకి 48కే నెలసరి ఆగింది. "అమెరికా వాళ్ళు హార్మోన్ డబ్బాల మీద హెచ్చరిక పీకేశారంట, ఇక అందరూ వాడొచ్చు, గుండెకి రక్షంట" అని ఒక వీడియో పంపింది. నేను మొదలుపెడితే తనూ మొదలుపెడుతుందట. నా ట్యూబులోంచే కాస్త రాసుకుంటుందట! అది పసుపు కాదే బాబూ అన్నా వినదు.

నాకు కావాల్సింది ఒకటే. ఈ జెల్ నా గుండెకి మంచిదా, చెడ్డదా, లేక గుండెకీ దీనికీ సంబంధం లేదా? నాకు ఒక జవాబు, అక్కకి ఇంకో జవాబు ఉంటే అదీ చెప్పండి. "డాక్టర్ని అడగండి" అని మాత్రం అనకండి. ఇద్దర్ని అడిగే ఇక్కడికొచ్చాను.


రిటైర్డ్ సిస్టర్ (విజయవాడ):

చెల్లెమ్మా, నీ రాత చూసి నవ్వొచ్చింది, నీ బీపీ చూసి నవ్వు పోయింది. జెల్ సంగతి పెద్దవాళ్ళు చెబుతారు. నేను గుండె వార్డులో నైట్ డ్యూటీలు చేసి రిటైరయినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను.

మగాడికి ఛాతీలో పట్టేసినట్టుంటే ఇంటిల్లిపాదీ కలిసి ఆటోలో పడేసి తెస్తారు. ఆడమనిషి మాత్రం వంట ముగించి, అంట్లు తోమి, తెల్లారాక కొడుకు బండి మీద వెనక కూర్చుని వస్తుంది. వచ్చాక కూడా "గ్యాసమ్మా" అనే చెబుతుంది. ఛాతీ నొప్పి ఆడవాళ్ళకీ వస్తుంది, రాదని కాదు. కానీ చాలామందికి దాంతోపాటో, అది లేకుండానో ఆయాసం, దవడ లాగడం, రెండు రెక్కల మధ్య పోటు, వాంతి వచ్చేట్టుండటం, నాలుగు మెట్లెక్కితే కాళ్ళు తేలిపోయేంత నీరసం ఉంటాయి. మీ అమ్మగారికి అయింది అదే అయ్యుండొచ్చు. నీకు ఎప్పుడైనా అలా అనిపిస్తే సోడా కాదు, ముందు 108.

ఆవిరితో పాటు వచ్చే దడ ఆవిరి తగ్గగానే తగ్గిపోతుంది, ఎక్కువమందికి అది ప్రమాదం కాదు. నడుస్తున్నప్పుడు, బరువులెత్తినప్పుడు వచ్చే దడ, కళ్ళు తిరిగే దడ, ఆవిరి లేకుండా అరగంట కొట్టుకునే దడ వేరు. అవి చూపించుకోవాలి. నీది ఏ రకమో రాసి పెట్టుకో. పద్దులు రాసేదానివి, నీకు నేను నేర్పాలా. హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, రక్తం తక్కువున్నా దడ ఉంటుంది. రిపోర్టుల్లో అది కనబడలేదు.

ఇంకొకటి. అక్కని పక్కకి పిలిచి అసలు ఆవిడ బాధేంటో అడుగు. 63 ఏళ్ళ మనిషి ఉన్నట్టుండి హార్మోన్ కావాలంటే ఊరికే గుండె కోసం అయ్యుండదు. మూత్రం మంటో, పొడిబారడమో, ఇంకేదో చెప్పుకోలేనిదో ఉంటుంది. అక్కలు చెల్లెళ్ళకి అన్నీ చెప్పరు.


ప్రకృతి బాటసారి:

ఈ ఇంగ్లీషు హార్మోన్లన్నీ గుర్రం మూత్రంతో చేసేవి. రోజూ రెండు చెంచాల అవిసె గింజల పొడి, సోయా పాలు తీసుకోండి. మూడు నెలల్లో ఆవిర్లూ పోతాయి, కొలెస్ట్రాలూ పోతుంది, ఏ డాక్టరూ అక్కర్లేదు.


రిటైర్డ్ సిస్టర్ (విజయవాడ):

అవిసె గింజలు తినండి, విరేచనం సాఫీగా అవుతుంది. 146 బీపీకి అది మందు కాదు. ఆవిడ తల్లి 56కి పోయిందని రాసింది, అది చదివాకైనా "ఏ డాక్టరూ అక్కర్లేదు" అనే మాట రాయకుండా ఉండాల్సింది.


ఫిజీషియన్ (మంగళగిరి వైపు):

పద్దులు గారూ, మిమ్మల్ని చూడకుండా మందు రాయను. కానీ మీ ఇద్దరు డాక్టర్లూ అలా ఎందుకు మాట్లాడారో చెప్పగలను. వాళ్ళలో ఒకరు 2002లో ఆగిపోయారు. ఆగిపోవడానికి కారణమూ ఉంది.

గుర్రం మూత్రం మాట పైన వచ్చింది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. అది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని అన్ని హార్మోన్లూ అలా చేసేవీ కావు. చూడితో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర, ప్రెమరిన్, అమెరికాలో 1942 నుంచి ఉంది. నెలసరి ఆగేదాకా ఆడవాళ్ళకి గుండెపోట్లు తక్కువ, ఆగాక ఎల్‌డీఎల్ పెరుగుతుంది, రక్తనాళాలు బిరుసెక్కుతాయి, పోట్లు పెరుగుతాయి. అందుకని పోయిన హార్మోన్ తిరిగి ఇస్తే గుండె పదిలం అని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. అమెరికాలో వేల మంది నర్సుల్ని 1976 నుంచి గమనిస్తూ వచ్చిన ఒక అధ్యయనంలో హార్మోన్ వాడేవాళ్ళకి గుండెజబ్బు బాగా తక్కువ కనిపించింది. అయితే ఆ రోజుల్లో హార్మోన్ వాడేవాళ్ళు ఎవరు? కాస్త కలిగినవాళ్ళు, సన్నగా ఉన్నవాళ్ళు, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకునేవాళ్ళు. మేలు మందుదో, మనిషి తీరుదో అందులో తేలదు.

తేల్చాలంటే చీటీలేసినట్టు సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడాలి. అలా చేసిన హెర్స్ అనే ట్రయల్ 1998లో వచ్చింది. అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది మీద చేశారు. మొత్తమ్మీద లాభం లేదు, పైగా మొదటి ఏడాది పోట్లు ఎక్కువయ్యాయి. ఆ తర్వాత అసలు పిడుగు 2002 జులైలో పడింది. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్, డబ్ల్యూహెచ్ఐ అంటాం. గర్భసంచి ఉన్న 16,608 మంది. గుర్రపు ఈస్ట్రోజెన్‌తో పాటు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే కృత్రిమ ప్రొజెస్టిరాన్ కలిసిన మాత్ర. నష్టం ఎక్కువగా ఉందని గడువుకి ముందే ఆపేశారు. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. ప్రపంచమంతా రాత్రికి రాత్రి చీటీలు చించేశారు. మీ ఇంటి దగ్గర డాక్టరు గారి మాట అప్పటిది.

ఆ నష్టం ఎంతో మీలాంటి లెక్కల మనిషికి చెప్పాలి. పదివేల మంది ఒక ఏడాది వాడితే గుండెజబ్బు 30కి బదులు 37 మందికి వచ్చింది. పక్షవాతం 21కి బదులు 29. రొమ్ము క్యాన్సర్ 30కి బదులు 38. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కూడా పెరిగాయి. తుంటి ఎముక విరగడం మాత్రం 15 నుంచి 10కి తగ్గింది. చిన్న అంకెలే. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషికి ముందు జాగ్రత్త పేరుతో ఇచ్చే మందుకి ఇవి చిన్నవి కావు, ఆపడం న్యాయమే.

చాలామంది వదిలేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ట్రయల్లో ఆడవాళ్ళ సగటు వయసు 63. అంటే సరిగ్గా మీ అక్కగారు! మీరు కాదు. 2007లో అదే సమాచారాన్ని వయసుల వారీగా విడదీసి చూస్తే, నెలసరి ఆగి పదేళ్ళు దాటనివాళ్ళకి గుండెజబ్బు పెరిగిన దాఖలా లేదు, తగ్గే వైపే మొగ్గు ఉంది. ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళకి పెరిగింది. 2016లో ఎలైట్ అనే ఇంకో ట్రయల్ ఇదే ప్రశ్నని నేరుగా పట్టుకుంది. 643 మందిలో, నెలసరి ఆగి ఆరేళ్ళు దాటనివాళ్ళకి ఎస్ట్రాడియాల్ (ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ లాంటిదే) ఇస్తే మెడలోని రక్తనాళం గోడ మందమెక్కడం నెమ్మదించింది. పదేళ్ళు దాటినవాళ్ళకి ఏ తేడా లేదు. కాకపోతే అది స్కాన్‌లో కొలిచిన మందమే, గుండెపోట్లు తగ్గాయని ఎవరూ నిరూపించలేదు. కాబట్టి గుండెపోటు రాకుండా ఉండటానికి హార్మోన్ వాడమని ఈ రోజుకీ ఏ పెద్ద సంఘమూ చెప్పదు. ఆవిర్లు మనిషిని సతాయిస్తున్నప్పుడు, 60 లోపు అయినా, ఆగి పదేళ్ళ లోపు అయినా, వాడకూడని కారణాలేవీ లేకపోతే లాభమే ఎక్కువ అని చెబుతాయి. మీకు మందు ఆవిర్లకి. గుండెకి కాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే మీ అక్కగారి వీడియో పుట్టింది.

ఆ వీడియో సంగతి: 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు గురించి ఉన్న నల్లగీత పెట్టె హెచ్చరిక తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. అది నిజం. "అందరూ వాడొచ్చు" అన్నది వీడియో చేసినవాళ్ళు కలిపిన మసాలా. గర్భసంచి ఉన్నవాళ్ళు ఒట్టి ఈస్ట్రోజెన్ వాడితే గర్భసంచి లోపలి పొరకి క్యాన్సర్ రావొచ్చన్న హెచ్చరిక అలాగే ఉంచారు. మీకు రాత్రి గుళిక రాసింది అందుకే. నిద్ర కోసం కాదు, నిద్ర కాస్త పట్టినా మంచిదే. జెల్ రాసుకుని గుళిక మానేసే ఆడవాళ్ళని చూశాను, ఆ పని మాత్రం చేయకండి.

ఇక మాత్ర కాకుండా జెల్ ఎందుకు రాశారో చూడండి. మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాల్ని, ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది. చర్మం నుంచి వెళ్ళేది ఆ దారి పట్టదు. ఫ్రాన్స్‌లో జరిగిన ఈస్తర్ అధ్యయనంలో మాత్రలు వాడినవాళ్ళకి కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరిగాయి, చర్మం మీద వాడినవాళ్ళకి పెరగలేదు. మీ ట్రైగ్లిజరైడ్లు, బీపీ, బరువు చూసి ఆవిడ జెల్ ఎంచుకున్నారంటే ఆలోచించే రాశారు. గుళిక కూడా డబ్ల్యూహెచ్ఐలో వాడిన ప్రొజెస్టిరాన్ కాదు. ఒంట్లో తయారయ్యేదాని లాంటిది, రొమ్ము విషయంలో కాస్త నయమని ఫ్రాన్స్ పరిశీలనలే సూచించాయి. ఏళ్ళ తరబడి వాడితే రొమ్ము ప్రమాదం అసలే లేదని మాత్రం అనను. మొదలుపెట్టే ముందు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించండి.

ఇదివరకు గుండెపోటు, పక్షవాతం, కాళ్ళలో గడ్డలు, రొమ్ము క్యాన్సర్, కారణం తెలియని రక్తస్రావం, ముదిరిన కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు. మీ అమ్మగారికి గుండెపోటు రావడం ఈ జాబితాలో లేదు. కానీ తల్లికి 65 లోపు గుండెపోటంటే మేం దాన్ని వంశపు ముప్పుగా లెక్కేస్తాం. దానికి మందు జెల్ మానడం కాదు. 146/92ని దించడం, ఆ ఎల్‌డీఎల్ సంగతి చూడటం. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని పొద్దునా సాయంత్రం వారం పాటు చూడండి. అలాగే ఉంటే మాత్ర తప్పదు. ఎల్‌డీఎల్‌కి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) కావాలా అన్నది మీ మొత్తం ముప్పు చూసి నిర్ణయిస్తారు, లైపోప్రొటీన్ ఏ అనే పరీక్ష ఒక్కసారి చేయించమని అడగండి. ఊరగాయ జోలికి రావద్దన్నారు కాబట్టి ఒక్క మాటే. రోజుకి ఉప్పు మొత్తం కలిపి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక చెంచా. కూరలోదీ, పప్పులోదీ, మజ్జిగలోదీ, మీరు జోలికి రావద్దన్నదీ అన్నీ ఆ చెంచాలోనే.

మీ అక్కగారు ఆగి పదిహేనేళ్ళయ్యాక, గుండె కోసమని, ఒళ్ళంతటికీ పనిచేసే హార్మోన్ ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టడం వద్దు. సిస్టర్ గారు అనుమానించినట్టు మూత్రం మంట, పొడిబారడం అయితే లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము వేరే ఉంది. అది రక్తంలోకి దాదాపు ఎక్కదు, ఆ వయసులోనూ వాడతారు. మీ ట్యూబు, ఆ ట్యూబు ఒకటి కాదు.


పల్నాటి కోడలు:

ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. నాకు 43. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాం. 37కే గర్భసంచి ఆపరేషన్ చేశారు. తెల్లబట్ట అవుతుంటే, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు, తీయించేసుకున్నాను. మా వీధిలో అప్పటికి చాలామందికి అయింది, వింతేమీ కాదు. అండాశయాలు కూడా తీసేశారని డిశ్చార్జి కాగితంలో ఇంకొకరు చదివి చెబితే తెలిసింది. ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే ఆవిర్లు మొదలయ్యాయి. పత్తి తీతకి వెళ్తే సాళ్ళ మధ్యే కూలబడిపోయేదాన్ని. వయసు మీద పడిందిలే అన్నారు అందరూ. 37కి ఏం వయసు.

పోయిన ఏడాది కొలెస్ట్రాల్ 240 అన్నారు, మోకాళ్ళ నొప్పులు సరేసరి. ఎవరూ హార్మోన్ మాట ఎత్తలేదు. పైన పదేళ్ళ లెక్క చదివి నాకు ఆరేళ్ళేగా అనిపించింది. నాలాంటిదాన్ని అడగొచ్చా?


ఫిజీషియన్ (మంగళగిరి వైపు):

అడగొచ్చు కాదు, అడిగి తీరాలమ్మా. ఈ చర్చలో అందరికంటే ముందు చూపించుకోవాల్సింది మీరు.

పద్దులు గారికి ఆగాల్సిన వయసులో ఆగింది. మీకు ఆపేశారు. ఒళ్ళు ఇంకా పదేళ్ళకి పైగా తయారుచేసుకోవాల్సిన హార్మోన్ ఒక్క రోజులో పోయింది. 45 లోపు రెండు అండాశయాలూ తీసేసి, ఈస్ట్రోజెన్ ఇవ్వకుండా వదిలేసినవాళ్ళలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ఏళ్ళ తరబడి గమనించి చెప్పారు. ఎముకలు గుల్లబారడమూ త్వరగా వస్తుంది. అందుకే మీలాంటివాళ్ళకి, అడ్డు కారణాలు లేకపోతే, కనీసం మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతాయి. 2002 భయం మీకు వర్తించదు. గర్భసంచి లేదు కాబట్టి మీకు గుళిక కూడా అక్కర్లేదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే. డబ్ల్యూహెచ్ఐలోనే గర్భసంచి లేనివాళ్ళకి ఒట్టి ఈస్ట్రోజెన్ ఇచ్చిన రెండో భాగం ఉంది, 10,739 మంది. అందులో గుండెపోట్లు పెరగలేదు, రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం పెరిగింది, దాంతో 2004లో దాన్నీ ఆపారు. అయితే వాళ్ళూ 50 నుంచి 79 ఏళ్ళ మధ్యవాళ్ళే, మింగింది మాత్రలే.

దేశంలో గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్ళ శాతం అన్నిటికంటే ఎక్కువ మన రాష్ట్రంలోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లోనే లెక్క తేల్చింది. ఆపరేషన్ చేసేవాళ్ళు చేస్తారు, ఆ తర్వాతి ముప్పై ఏళ్ళ సంగతి ఎవరి పద్దులోనూ ఉండదు. డిశ్చార్జి కాగితం, ఉంటే బయాప్సీ రిపోర్టు తీసుకుని గుంటూరు పెద్దాసుపత్రి గైనిక్ ఓపీకో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్ళండి. "37కి రెండు అండాశయాలు తీసేశారు, ఇప్పటిదాకా హార్మోన్ ఇవ్వలేదు" అని ఈ మాటలే చెప్పండి. ఆవిర్లున్నాయి అని మొదలుపెడితే మల్టీవిటమిన్ రాసి పంపేస్తారు.


మిర్చియార్డు పద్దులు (గుంటూరు):

యార్డుకి వేసవి సెలవులిచ్చారు, ఇప్పటికి తీరింది. అందరికీ దండాలు.

ఇంట్లో మిషన్ పెట్టి చూస్తే బీపీ 140 కిందకి దిగనేలేదు. టెల్మిసార్టన్ మొదలుపెట్టారు, ఇప్పుడు 128/80 అటూఇటూ ఉంటోంది. హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది, సిస్టర్ గారూ, మీరన్నదే. ఐరన్ మాత్రలు. లైపోప్రొటీన్ ఏ ఎక్కువే ఉందట. అది వంశంతో వచ్చేది, అందుకని స్టాటిన్ రాశారు. అమ్మకీ ఇదే ఉండుంటుందేమో అన్నారు ఆ డాక్టరు. ఆ మాటకి కాసేపు ఏమీ అనలేకపోయాను.

మామోగ్రామ్ బావుంది. బీపీ దిగాక కొత్తపేట డాక్టరు గారు జెల్ మొదలుపెట్టమన్నారు. ఆవిర్లు పూర్తిగా పోలేదు గానీ రాత్రి పూట ఒక్కసారికి మించి లేవట్లేదు. చాప మాత్రం ఇంకా హాల్లోనే ఉంది, ఆయనకి అక్కడ గాలి బావుందట.

ఇంటి దగ్గర డాక్టరు గారికి కూడా వెళ్ళి చెప్పాను, ఆ 63 ఏళ్ళ లెక్కతో సహా. చదివి చూస్తాలెండి అన్నారు. చీటీ తోసేయలేదు, అదే చాలు.

అక్కతో పెద్ద యుద్ధమే అయింది. "నీకు మంచిదయింది నాకు చెడ్డదెలా అవుద్దే" అంటుంది. చివరికి మా యార్డు భాషలో చెప్పాను. కల్లంలో కాయ ఆరుండగా పట్టా కప్పితే వానకి తడవదు. తడిసిన కాయ మీద పట్టా కప్పితే లోపలే ఉడికి బూజు పడుతుంది. పట్టా అదే, కప్పిన వేళే వేరు. దానికి అక్క "అంటే నేను తడిసిన కాయనా" అని రెండ్రోజులు ఫోనెత్తలేదు. తర్వాత తనే చేసి, గొంతు తగ్గించి, మూత్రం మంట రెండేళ్ళుగా ఉందని చెప్పింది. యాంటీబయాటిక్ కోర్సులు వేసుకోవడం, మళ్ళీ మొదటికి రావడం. బావగారికి కూడా చెప్పలేదట! సూర్యారావుపేటలో లేడీ డాక్టరుకి చూపించాం, ఆ లోపల రాసే క్రీమే ఇచ్చారు. సిస్టర్ గారూ, మీకు అక్కలెంతమంది?

పల్నాటి కోడలు గారూ, వెళ్ళారా లేదా? ఒక్కరే వెళ్ళలేకపోతే నాకు మెసేజ్ పెట్టండి. సీజన్ లేదు, నేను వస్తాను.

ఒక చిన్న సందేహం. జెల్ రాసుకున్నాక ఎంతసేపటికి జాకెట్టు వేసుకోవచ్చు? మా మనవడికి రెండేళ్ళు, లేచీ లేవగానే వచ్చి చేతుల్లో పడతాడు. వాడికేమన్నా అంటుతుందా?


రిటైర్డ్ సిస్టర్ (విజయవాడ):

ముగ్గురు. అందరూ అంతే.

స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరాక, భుజం నుంచి మోచేతి దాకా పైపైన పరుచుకునేట్టు రాయి. రుద్దక్కర్లేదు. రొమ్ముల మీద, దగ్గర్లో రాయకు. అయిదు నిమిషాలు ఆరనిచ్చి జాకెట్టు వేసుకో. గంట దాకా ఆ చోటు కడగకు. చేతులు సబ్బుతో వెంటనే కడుక్కో. పిల్లాడికి అంటుతుంది, అందుకని తడిగా ఉన్నప్పుడు ఎత్తుకోకు, ఆరాక కూడా ఆ చోటు బట్ట కింద ఉండాలి. వాడు లేచీ లేవగానే వస్తాడంటున్నావు కాబట్టి పొద్దున వద్దు, వాడు పడుకున్నాక రాత్రి గుళికతో పాటు రాసుకో, కానీ రోజూ అదే వేళకి. జెల్‌లో స్పిరిట్ ఉంటుంది, రాసుకున్న చేత్తో పొయ్యి దగ్గరికి పోకు.

పల్నాటి అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. బుధవారం ఓపీకి వెళ్తోంది. నువ్వు రాగలిగితే తొమ్మిదింటికల్లా చీటీల దగ్గర ఉండు, అక్కడ లైను పెద్దది.


మిర్చియార్డు పద్దులు (గుంటూరు):

ఎనిమిదిన్నరకే ఉంటాను.